అర అంగుళం నట్టు

ఈ పొద్దున నా షెడ్డులో పానా జారి నట్టు మీద 'టక్'మంది. ఆ చప్పుడు వింటే చాలు, జయరాజ్ ఉస్తాద్ మీద నాకు మళ్లీ ఒళ్లు మండుతుంది. ఆయన పోయి నాలుగేళ్లయినా నా కోపం తగ్గలేదు.

చిరాగ్‌పల్లి దగ్గర హైవే పక్కన ఉండేది ఆయన మెకానిక్ షెడ్డు. ఐటీఐ చదివిన ఆడపిల్లకు పని నేర్పడానికి ఒప్పుకున్నది ఆయనొక్కడే. నేను చేరిన రెండో ఏడు హైదరాబాద్ నుంచి ఒక పెద్దమనిషి రెండు పాత స్పోర్ట్స్ కార్లు తెచ్చాడు. ఒకటి ఇంగ్లండుది, ఇంకొకటి జపానుది. ఆదివారం ప్రదర్శనకు రెండూ తయారు కావాలి. పని నచ్చితే నన్ను తన గ్యారేజీలో పెట్టుకుంటానని మాట కూడా ఇచ్చాడు. అమ్మకు అప్పుడే చెప్పేశాను.

"రెండిట్ల ఏది మంచిది ఉస్తాద్?" అని అడిగాను. సూటిగా జవాబు చెప్పే మనిషైతే నాకీ బాధే లేదు. వారం రోజులు నా చేత రెండూ విప్పించాడు. జపాను కారులో ప్రతిదీ ఒద్దికగా, బిగువుగా ఉంది. ఇంగ్లండు కారు కింద పొద్దున లేస్తే నూనె మరక. ఇంజిన్ చప్పుడు మాత్రం దానిదే బాగుండేది. చివరికి ఆయన అన్నది ఇదీ: "జపానోళ్లు ఎవ్వరు ముట్టే పని లేకుండ చేసిన్రు. ఇంగ్లండోళ్లు వారం వారం విప్పుకుంటరని చేసిన్రు. నీకు నడుపుడు ఇష్టమా, విప్పుడు ఇష్టమా? గది చెప్పు ముందు." నేను తల పట్టుకున్నాను.

శనివారం ఇంగ్లండు కారు కార్బురేటర్ బిగిస్తున్నాను. దాని కొలతలు అంగుళాల్లో ఉంటాయి. నా చేతిలో ఉన్నది జపాను కారుకు వాడిన పదమూడు మిల్లీమీటర్ల పానా. అర అంగుళం నట్టుకు అది ఇంచుమించు సరిపోతుంది. ఆ ఇంచుమించే కొంప ముంచింది. గట్టిగా తిప్పేసరికి జారి, నట్టు అంచులు అరిగి గుండ్రమైపోయాయి. ఎలాగో బిగిసింది కదా అని నోరు మూసుకున్నాను.

సాయంత్రం పెద్దమనిషి వచ్చాడు. ఉస్తాద్ అలవాటు కొద్దీ ప్రతి నట్టూ వేలితో తడుముతూ అక్కడ ఆగాడు. "సునీత నట్టు ఖరాబ్ చేసింది సార్. మార్చాలె. గిది సోమవారం తీస్కపోండ్రి."

"రేపే కదయ్యా ప్రదర్శన! నట్టు ఎవరు చూస్తరు?"

"మీరు చూడరు సార్. రేపు దీన్ని విప్పేటోడు చూస్తడు. వాని పానా జారుతది."

పెద్దమనిషి అప్పుడే రెండు కార్లూ లారీ ఎక్కించుకుని పోయాడు. మళ్లీ ఫోను చెయ్యలేదు. నేను ఏడ్చాను. "జర నా పేరు చెప్పకుంటే ఏం పోయేది ఉస్తాద్?" అంటే, "మరి ఖరాబ్ చేసింది నేనా?" అన్నాడు. తర్వాత నాకు టీ తెప్పించాడు. టీ తాగితే ఉద్యోగం తిరిగొస్తుందా!

ఈ పొద్దున పానా జారింది ఝరాసంగం రైతు పాత ట్రాక్టర్ మీద. అదీ అంగుళాల బండే. ఇన్నేళ్ల తర్వాత అదే తప్పు, అదీ నేనే. అంచులు అరిగినా నట్టు ఎలాగో బిగిసింది, చూసినవాళ్లు లేరు. "అయిందా అక్కా? దున్నకం ఆగింది," అని రైతు తొందరపెడుతున్నాడు. అయిందందామనే నోరు తెరిచాను.

"నట్టు ఖరాబ్ చేసిన తమ్మీ. రేపు రా."

అతను నన్ను తిట్టుకుంటూ ఆటో ఎక్కాడు. నేను ఉస్తాద్‌ను తిట్టుకుంటూ ఆ అరిగిన నట్టు కోసి మార్చడానికి కూర్చున్నాను.