చెయ్యి నోటిదాకా రాని భోజనం

గత ఆదివారం అమెరికాలో, షికాగో పక్క నేపర్‌విల్‌లో మా అక్క ఇంట భోజనాల వేళ, పక్కింటి తెలుగువారి చిన్నమ్మాయి ముద్ద ఎత్తడం మాని తలనే పళ్ళెంలోకి వంచింది. “చెయ్యి నోటి దగ్గరికి రావాలమ్మా, నోరు చెయ్యి దగ్గరికి కాదు,” అని వాళ్ళమ్మ సరిదిద్దింది. అందరమూ నవ్వాము. అక్క మాత్రం గరిటెను పప్పుగిన్నెలోనే వదిలి వంటగదిలోకి వెళ్ళిపోయింది.

నా మేనల్లుడు, అంటే ఆమె కొడుకు, కొన్నేళ్ళ క్రితం బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచ్చర్. జీతానికి ఆడినది ఒకే ఒక్క వేసవి. అదీ అట్టడుగు లీగ్‌లో. మా బంధువర్గంలో ఆటను వృత్తిగా చేసుకున్న మొదటివాడు వాడే కనుక, ఎక్కడికి వెళ్ళినా అంకుల్స్ “ఆట సరే, మరి జాబ్ ఏంటి?” అని ఆరా తీసేవారు. కొలిచే పరికరాలు తయారుచేసే ఇంజనీరును నేను. వాడి విసురు నాకొక యంత్రంలా కనిపించేది: నేలనుంచి పుట్టిన బలం తుంటి, భుజం, మోచేతుల మీదుగా వేలికొసలకు చేరేది. ఆ వరుసలో అన్నిటికన్నా బలహీనమైన బంధం మోచేతి లోపలి సన్నని నరంలాంటి కట్టు.

సీజన్ చివర వాడి జట్టు మా పక్క ఊరికి వచ్చింది. ఆటకు ముందురోజు వాడు ఇంటికి భోజనానికి వచ్చాడు. గోంగూర పప్పు కలిపాడు. కుడిచెయ్యి లంబకోణం దాటి మడత పడలేదు. తలే కిందికి వచ్చింది.

“పళ్ళెం కూడా తినేస్తావేంట్రా? టీమ్‌వాళ్ళు తిండి పెట్టట్లేదా?” అన్నాడు బావ.

నెయ్యి వడ్డిస్తున్న అక్క చెయ్యి ఆగిపోయింది.

భోజనమయ్యాక వాడు నన్ను గరాజ్‌లోకి లాక్కెళ్ళాడు. “మామయ్యా, ప్లీజ్, ఎవరికీ చెప్పకు, ట్రైనర్‌కి తెలిస్తే టీమ్‌లోంచి రిలీజ్ చేసేస్తారు. రేపు పెద్ద టీమ్‌కి ప్లేయర్స్‌ని ఎంచే స్కౌట్ వస్తున్నాడు. వన్ గేమ్, అంతే.”

గుమ్మంలో అక్క నిలబడి ఉంది. “విసరకురా, నాన్నా.”

“విసరకపోతే ఐయామ్ నోబడీ, అమ్మా.”

ఆ సాయంత్రం అక్క పెరుగన్నం కలిపి, ఇరవై దాటిన కొడుక్కి ముద్దలు తినిపించింది. వాడు సిగ్గుపడలేదు, నన్ను భయపెట్టింది అదే.

మర్నాడు వాడు మొదట బాగానే విసిరాడు. తర్వాత ఒక బంతి బ్యాటర్‌ను చేరకముందే నేలమీద పడి పక్కకు దొర్లింది. నిద్రపోతున్న పసిబిడ్డను పట్టుకున్నట్టు ఎడమచేత్తో కుడిమోచేతిని పట్టుకుని నిలబడ్డాడు. స్కౌట్ కుర్చీ మడిచి లేచాడు. అప్పటికే అక్క గ్యాలరీ మెట్లు దిగుతోంది. ఆకులు రాలకముందే జట్టు వాణ్ణి వదులుకుంది.

ఆపరేషన్ బాగా జరిగింది. వాడిప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేస్తున్నాడు; మోచెయ్యి పూర్తిగా మడత పడుతుంది. ఆ ఆదివారమూ చివరి వరుసలో కూర్చుని భోంచేశాడు. అక్క వంటగదిలోంచి వచ్చి, గిన్నె పట్టుకుని, వాడి ఎదుటే నిలబడింది. ఏళ్ళు గడిచినా, వాడి మొదటి ముద్ద పళ్ళెంనుంచి నోటిదాకా వెళ్ళే ఆ కాస్త దూరంలో మా ఇంట కాలం ఇంకా ఊపిరి బిగబట్టే ఉంటుంది.