మిగిలినదానికి కొసరు ఒకటి

సీనియమ్మాళ్ గురించి రాయాలంటే ముందు నా తప్పు ఒప్పుకోవాలి. అది ఒప్పుకోవడం నాకు బొత్తిగా ఇష్టం లేదు గనక కాస్త చుట్టు తిరిగి వస్తాను.

ఒంగోలు నుంచి తమిళనాడు వచ్చి విరుదునగర్‌లో ఒక కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేరిన కొత్తలో, మా ల్యాబు అటెండరు సీనియమ్మాళ్ తెలుగావిడ అని తెలిసి ఎగిరి గంతేశాను. తీరా ఆవిడ నోరు తెరిస్తే అది తరాలుగా అక్కడే ఉండిపోయినవాళ్ళ తెలుగు, సగం అర్థం కాలేదు. ఆవిడా నన్ను వదల్లేదు. "మీ తెలుగు పాటం చదివినట్టు ఉండాది మేడం. ఇంట్లో కూడా ఇట్లానే మాట్లాడతారా?" అని పిల్లలందరి ముందూ అడిగేసింది.

నలభై అయిదేళ్ళ మనిషి. కోవిల్‌పట్టి పక్కన పల్లె. ఐదో తరగతితో చదువు మానిపించి అగ్గిపెట్టెల పనికి పంపారు. చట్రంలో పుల్లలు ఒక్కొక్కటే పేర్చడం ఆమె పని. పదకొండేళ్ళు పేర్చింది. ఆ పుల్లల మధ్యే పుస్తకం పెట్టుకుని ప్రైవేటుగా పది పాసయింది. తర్వాత మా కాలేజీలో అటెండరుగా చేరి సీసాలు కడిగింది. యాసిడ్ పొగకు దగ్గు పట్టుకుంటే కంప్యూటర్ ల్యాబుకు మార్చారు.

ఆ ల్యాబులో నేను నేర్పేది కంప్యూటేషనల్ కెమిస్ట్రీ. పేరు చూసి భయపడకండి. ఒక వెబ్‌సైట్ ఉంటుంది. అందులో అణువు బొమ్మ గీసి, నాలుగు గళ్ళు నింపి పంపితే, ఎక్కడో ఉన్న సర్వర్ లెక్కలు కట్టి ఆ అణువు అసలు ఆకారం ఏమిటో, దాని శక్తి ఎంతో, అది ఎలా వణుకుతుందో చూపిస్తుంది. పంపిన ప్రతి లెక్కకూ ఒక పేరు పెట్టాలి. లెక్క కుదిరితే పేరు పక్కన పచ్చ చుక్క, చెడితే ఎర్ర చుక్క. మా కంప్యూటర్లు ఎంత ముసలివైనా బ్రౌజర్ తెరుచుకుంటే చాలు.

ఊడ్చి తుడిచాక సీనియమ్మాళ్ చివరి కుర్చీలో కూర్చునేది. "నాకూ ఒక లాగిన్ ఇయ్యండి మేడం" అంది ఒకరోజు. ఇచ్చాను, మరిచిపోయాను.

మా పిల్లలకు గండం ఒకే ఒక్క గడి. స్పిన్ మల్టిప్లిసిటీ. ఎలక్ట్రాన్లు జతలుగా ఉంటాయి, జత లేకుండా ఎన్ని మిగిలాయో దాన్నిబట్టి ఆ గడిలో ఒక అంకె వెయ్యాలి. మూడు వారాలు సూత్రాలు రాసి ఊదరగొట్టాను. పిల్లలు తలలూపారు. తలలూపితే అర్థమైనట్టేననుకునే మొద్దుతనం నాది.

అర్థం కాలేదని సీనియమ్మాళ్ కనిపెట్టింది. వరండాలో పిల్లల్ని కూర్చోబెట్టి, గుప్పిట్లో చింతగింజలు పట్టుకుని, "ఒంటా జంటా?" అని ఆడించింది. మనవైపు సరి బేసి అంటాం చూడండి, అదే. వాళ్ళు అరవంలో ఆడినా అదే ఆట. గింజలు ఎలక్ట్రాన్లు. జతలు పెట్టుకుంటూ పో. చివర ఒకటి మిగిలితే ఒంటి, గడిలో ఒకటి వెయ్యి. అన్నీ జతపడితే జంట, రెండు వెయ్యి.

వినడానికి ఎంత చక్కగా ఉంది! కానీ పూర్తిగా తలకిందులు. అన్నీ జతపడితే వెయ్యాల్సింది ఒకటి. ఒకటి మిగిలితే రెండు.

మోడల్ ప్రాక్టికల్ రోజు ఇరవై ఇద్దరు పిల్లలు ఇరవై రెండు అణువులు పంపారు. ఇరవై రెండూ ఎర్ర చుక్కలే. నా జాబితాలో ఇంకా కిందికి వెళ్తే, 'రాజాత్తి' అనే పేరుతో మరో ఎనిమిది ఎర్ర చుక్కలు. "ఎవరీ రాజాత్తి? ఎనిమిది సార్లు ఒకే తప్పు చెయ్యడానికి సిగ్గు లేదూ?" అని అరిచాను. పిల్లలు ఆ పేరు ఎప్పుడూ విననట్టు చూశారు. "ఈ అంకెలు వెయ్యమని మీకు ఎవరు చెప్పారు?" అంటే మాత్రం తలలన్నీ చివరి కుర్చీవైపు తిరిగాయి.

సీనియమ్మాళ్ లేచి నిలబడింది. "నేనే చెప్పినాను మేడం. బిడ్డల మీద తప్పు లేదు."

నా కేకలకు మా హెచ్‌ఓడీ కృష్ణసామి గారు వచ్చారు. విళాత్తికుళం వైపు రైతు కుటుంబం. ఇంట్లో తెలుగేనట గానీ కాలేజీలో ఒక్క ముక్క ఆడరు. సంగతి విని అరవంలోనే అన్నారు: "ఊడ్చేసి బయట కూర్చో. క్లాసు జరుగుతుంటే లోపల నీకేం పని?" ఆ కుర్చీని వరండాలోకి ఆమే మోసుకుపోయింది.

ఇదుగో, ఇక్కడ నా తప్పు. నేను సరిగ్గా చెప్పలేదు కాబట్టే ఆవిడ చెప్పాల్సి వచ్చిందని నాకు తెలుసు. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

మేమిద్దరం కోవిల్‌పట్టిలోనే ఉంటాం, సాయంత్రం ఒకే బస్సు. పక్కన కూర్చుని, "ఇందాక నేను ఒక మాట అనాల్సింది" అన్నాను.

"అప్పుడు నోరు కట్టేసినట్టు నిలబడినారు. ఇప్పుడు బస్సులో ఎవురికి చెప్తారు మేడం, కండక్టరుకా?"

సిగ్గేసింది. మాట మార్చడానికి "ఆ రాజాత్తి ఎవరో" అన్నాను.

"మా అక్క. ఆ ఎనిమిదీ నేను పంపినవే."

రాజాత్తి అదే అగ్గిపెట్టెల పనిలో మందు దగ్గర ఉండేదట. పుల్లల తలలు ముంచే మందు. ఒకరోజు అంటుకుంది. కుడిచేతి మూడు వేళ్ళు కాలి ఒకటిగా అతుక్కుపోయాయి.

"మందు అంటుకునింది, మందు అంటుకునింది అంటారే గానీ అది ఎట్లా ఉంటాదో ఎవురూ చూపించలేదు. మీరు ఒక దినం బోర్డు మీద రాసినారు, అగ్గిపుల్ల మందులో క్లోరేట్ ఉండాదని. దాని మొగం ఒక తూరి చూడల్లని ఆశ. గింజలు నలబై రెండు, అన్నీ జంటలే. రెండు వేస్తిని. ఎరుపే వచ్చింది." ఆగి, "ఇంక కుర్చీ లేదు, అదీ లేదు" అంది.

ఎనిమిది ఎర్ర చుక్కలకు సిగ్గు లేదా అని అరిచింది నేనే.

"ఆ అంకె అలా రాదు. ఒంటిగా ఎన్ని మిగిలాయో చూసి, దానికి ఒకటి కలపాలి" అన్నాను.

"ఎందుకు కలపాల?"

నేను స్పిన్ దిక్కుల గురించి మొదలుపెట్టాను. ఆవిడ ముఖం చూసి ఆపేశాను. బస్సు సాత్తూరులో ఆగింది. గంపతో దోసకాయలావిడ ఎక్కింది. సీనియమ్మాళ్ నాలుగు కాయలు తీసుకుని చెయ్యి వెనక్కి తీయకుండా "కొసరేదీ?" అని అరవంలో దబాయించింది. కొసరు మాట అక్కడా అదే. గంపావిడ సణుగుతూ ఒక పిందె పడేసింది.

సీనియమ్మాళ్ ఆ పిందెను అలాగే చూస్తూ ఉండిపోయింది. "మేడం, కలిపే ఆ ఒకటి కొసరా?"

"అచ్చంగా కొసరే."

"ఏమీ మిగలకపోతే?"

"అప్పుడూ కొసరు ఒకటి ఇవ్వాల్సిందే."

"కొనకుండానే కొసరిచ్చే అంగడి ఎక్కడుండాది మేడం!" అని పడీపడీ నవ్వింది. పిందె విరిచి సగం నాకు పెట్టింది. నన్ను క్షమించిందని అనుకోలేదు గానీ తిన్నాను.

మర్నాటి నుంచి వరండాలో నీళ్ళ క్యాన్ దగ్గర మళ్ళీ ఆవిడ పాఠం మొదలైంది. మిగిలింది ఎంతో చూడు, కొసరు ఒకటి వెయ్యి. ఎర్ర చుక్కలు తగ్గిపోయాయి. కుర్చీ మాత్రం బయటే ఉంది.

అసలు ప్రాక్టికల్‌కు తిరునెల్వేలి నుంచి ఎగ్జామినరు వచ్చారు. కార్తీశ్వరి అనే పిల్లకు ఆక్సిజన్ పడింది. అది తిరకాసు అణువు. పదహారు ఎలక్ట్రాన్లు, సరి సంఖ్యే, కానీ చివరి రెండూ జతకట్టవు. కార్తీశ్వరి గడిలో మూడు వేసింది. పచ్చ చుక్క వచ్చింది.

"మూడెందుకు?" అన్నారాయన.

"చివరి రెండూ అలిగిన తోడికోడళ్ళలాగా వేరువేరుగా కూర్చున్నాయి సార్. మిగిలింది రెండు, కొసరు ఒకటి."

ఆయన కళ్ళద్దాలు తీసి గట్టిగా నవ్వారు. "పాతికేళ్ళుగా చెబుతున్నాను, నాకు తట్టలేదే! మీరేనా నేర్పింది?" అని నావైపు తిరిగారు. పక్కనే కృష్ణసామి గారు. ఆ మెప్పు ఒళ్ళో వచ్చి పడింది, ఊ అంటే నాదే. ఒక్క క్షణం ఊ అందామనిపించిన మాటా నిజమే.

"నేను కాదు సార్. సరిగ్గా చెప్పడం నాకు చేతకాలేదు. చెప్పినావిడను బయట కూర్చోబెట్టాం" అన్నాను.

కృష్ణసామి గారు తలుపు దాకా నడిచి, ఆ కాలేజీలో మొదటిసారి ఇంటి తెలుగు మాట్లాడారు. "ఆ కుర్చీ లోపల వేసుకో సీనియమ్మా. అక్కడ ఎండ తగలతా ఉండాది."

పరీక్ష అయిపోయి అందరూ వెళ్ళాక ఆమె చివరి కుర్చీలో కూర్చుంది. క్లోరేట్ గీసింది. ఒక ఋణావేశం. నలభై రెండు, మిగిలింది సున్నా, కొసరు ఒకటి. పేరు అడిగితే 'రాజాత్తి' అని టైపు చేసింది. ఎనిమిది ఎర్ర చుక్కల పైన తొమ్మిదోది చాలాసేపు తిరిగి తిరిగి పచ్చబడింది. నడుమ క్లోరిన్, మూడు ఆక్సిజన్లు కాళ్ళలాగా చాపుకుని తెర మీద నిలబడింది.

ఆమె దాన్ని మౌసుతో అటూ ఇటూ తిప్పింది. ఫోను తీసి స్పీకరు నొక్కింది. "అక్కా, నీ చెయ్యి కాల్చినదాన్ని చూస్తా ఉండాను. ముక్కాలి పీట మాదిరి ఉండాది."

అవతలి నుంచి రాజాత్తి అడిగింది: "తిట్టినావా?"

సీనియమ్మాళ్ కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఫోను తెరకు దగ్గరగా పెట్టి, అక్క వినేట్టు నాలుగు తిట్లు తిట్టింది. అందులో రెండు నాకు అర్థం కాలేదు. అర్థమైన రెండూ రాయడానికి వీల్లేదు.