గోరు గీసిన గీత

ఈరోజు కాశిబుగ్గలో నా గోరే నా పరువు తీసింది.

రేపు మధ్యాహ్నం ఫిజిక్స్ క్లాసులో ఒక కొత్తరకం మైక్రోస్కోపు గురించి చెప్పాలి. దానికి అద్దాలుండవు. సన్నని మొనతో వస్తువును తడిమి, అణువంత ఎత్తుపల్లాలను కూడా బొమ్మగా గీస్తుంది. తడిమి చూడడమేమిటని పిల్లలు నవ్వుతారేమోనని నా భయం. ఆ ఆలోచనలోనే సాయంత్రం కండువా కొనడానికి నేతపని చేసే లస్మయ్య తాత ఇంటికి వెళ్లాను.

తాతకు చూపు బాగా తగ్గింది. మగ్గం మీది గుడ్డపై గోటి కొసను అలా జార్చి, "ఈడ ఒక పోగు తప్పింది" అన్నాడు. వంగి చూస్తే నిజమే! ఇంకేం, నేనూ కళ్లు మూసుకుని గోటితో గట్టిగా తడిమాను.

"దొరికింది తాతా! ఈడ పొడుగ్గ గీత ఉన్నది!"

తాత అక్కడ వేలు పెట్టి పకపకా నవ్వాడు. "అది గుడ్డల లేదు సారూ, నీ గోరు గీసిందే. గంత గట్టిగ ఒత్తితె పోగులు జరగవా? జర అల్కగ, తాకీ తాకనట్టు పట్టాలె."

క్వార్టర్స్‌కు వచ్చి, ఆ మైక్రోస్కోపు గురించి జర్నల్‌లో వచ్చిన వ్యాసంలో బద్ధకించి వదిలేసిన చివరి పేజీ చదివాను. మొన గట్టిగా ఒత్తితే ప్రోటీన్ల వంటి మెత్తని అణువులు చెదిరిపోతాయట. అప్పుడు బొమ్మలో కనిపించేది మొన చేసిన గాయమేనట!

రేపు క్లాసుకు జర్నల్ తీసుకెళ్లాలా, తాతను తీసుకెళ్లాలా? మన క్వార్టర్స్ గేటు దగ్గరి బోర్డుకు గుచ్చిన ఈ కాగితం కిందే మీ సలహా రాయండి. పెన్ను మాత్రం జర అల్కగ పట్టండి.