రెండు చేతులు తక్కువ

మామయ్య లోకంలోని అన్యాయాలన్నిటినీ ఓర్చుకోగలడు గానీ, కార్టూన్లలో సముద్రజీవులకు జరిగే అన్యాయాన్ని మాత్రం ఓర్చుకోలేడు. అక్వేరియంలో చేపల తొట్లు చూసుకుంటూ ఉద్యోగవిరమణ చేసిన మనిషి. ఎక్కడ ఏ బొమ్మ తప్పుగా కనిపించినా తన వంశాన్ని దూషించినట్టే బాధపడతాడు.

మేనకోడలి పుట్టినరోజు కేకు మీద నక్షత్రచేపకు ముఖం మధ్య కళ్ళు కనిపించేసరికి కత్తికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ జీవికి కళ్ళుండేది చేతుల చివరనని, సంగతి తేలేదాకా కొయ్యడానికి వీల్లేదని వాదించాడు. కొవ్వొత్తులు కరిగి కేకులో కలిశాయి. సముద్రపు గుర్రాల్లో పిల్లల్ని మోసి కనేది మగదేనని పెళ్ళైన కొత్తలో ఆయనే అత్తయ్యకు బోధించాడు. ఆ జ్ఞానాన్ని ఆమె నేటికీ ఆయన మీదే ప్రయోగిస్తూ ఉంటుంది.

అటువంటివాడికి మేనకోడలై ఉండి, ఆ అమ్మాయి కార్టూన్లు తీసే స్టూడియోలో చేరింది. తొలిసారి సొంతంగా గీసిన కథకు నాయకుడు ఒక ఆక్టోపస్. ఎనిమిది ఉండాల్సిన చేతులు దానికి ఆరే. కదిలే బొమ్మకు ప్రతి చేతినీ మళ్ళీ మళ్ళీ గియ్యాలి. రెండు తగ్గిస్తే పని పావు వంతు తగ్గుతుందన్నది ఆ వృత్తిలో అందరూ వాడే కిటుకు.

ఆ స్టూడియో లోగడ తీసిన కార్టూనులో పీత తిన్నగా నడిచింది. మామయ్య సాక్ష్యాధారాల ఫైలు చంకన పెట్టుకుని వెళ్ళి, దాన్ని ఆపించేదాకా అక్కడి కుర్చీ వదల్లేదు. నాటి నుంచి ఆయనంటే యజమానికి హడలు. అందుకే ఈసారి ప్రసారానికి ముందే చూసిపొమ్మని తానే కబురు పెట్టాడు. ఆయన తప్పు పడితే కార్టూను ఆగుతుందని, దానితోపాటు ఉద్యోగమూ పోతుందని అమ్మాయికి చల్లగా చెప్పాడు.

ఆ రోజుకు మామయ్యను ఎలాగైనా ఇంట్లో ఆపమని ఆమె అత్తయ్యను బతిమాలింది.

“సముద్రాన్నయినా ఆపుతాను గానీ మీ మామయ్యనా?” అంది అత్తయ్య.

ఆయన ముందు వరుసలో, ఒళ్ళో ఫైలుతో కూర్చున్నాడు. తెర మీద ఆక్టోపస్ రాయెక్కి చేతులన్నీ ఊపింది. చీకట్లో మామయ్య చూపుడువేలు లేచి, గాలిలో ఒక్కొక్క చేతినే పొడుస్తూ పోయి ఆరు దగ్గర ఆగింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. ఫైలు తాడు విప్పాడు. విప్పుతూ పక్కకు తిరిగి, పెదవి కొరుక్కుంటున్న మేనకోడలిని చూశాడు. తాడు తిరిగి కట్టేశాడు.

దీపాలు వెలిగాయి.

“తప్పులేమైనా ఉన్నాయాండీ?” అన్నాడు యజమాని.

“రెండు చేతులు లేవు.”

యజమాని అమ్మాయి వైపు తిరిగాడు.

“తెగిపోయాయి,” అన్నాడు మామయ్య. “ఏ పెద్ద చేపో కొరికి ఉంటుంది. ఆక్టోపస్‌కి తెగిన చెయ్యి మళ్ళీ మొలుస్తుంది. దీనికింకా మొలవలేదు. శాస్త్రప్రకారం తప్పు పట్టడానికేం లేదు.”

“ఇంత పరిశోధన చేశావని చెప్పవేమ్మా?”

“దానికి గొప్పలు చెప్పుకునే అలవాటు లేదండీ,” అన్నాడు మామయ్య.

వీధిలోకి రాగానే ఆ అమ్మాయి మామయ్యను నిలబెట్టి అడిగింది.

“నాకోసం అబద్ధమాడావా మామయ్యా?”

“నేనా? మొలుస్తాయన్నాను, మొలవాల్సిందే. వచ్చే భాగంలో రెండు బుడిపెలు కనపడాలి. ఆ తర్వాతి దాంట్లో వేలెడంత. ప్రతిదీ చూస్తాను.”

“బోలెడు పని పెరుగుతుంది మామయ్యా.”

“చేతులు పెరుగుతుంటే పని పెరగదుటే?”