జూన్ పెట్టెలో అందరూ

2017 జూలై. మొయినాబాద్ మండలంలో, హిమాయత్‌నగర్ దాటి లోపలికి వెళ్తే వచ్చే ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో నేను మూడో తరగతి చెబుతుండేవాణ్ణి. గది వెనక గోడకు థర్మాకోల్ పలకలు అతికించి, పైన నీలం గుడ్డ బిగించి బులెటిన్ బోర్డు తయారుచేశాను. నోటీసు బోర్డు మీద పెద్దలు తమకు కావలసింది అంటించి వెళ్లిపోతారు. బులెటిన్ బోర్డు మీద పిల్లల చెయ్యి పడాలి. అందుకే దాన్ని వాళ్ల కళ్లకు అందే ఎత్తులోనే పెట్టాను.

అంతకు ముందు ఏడాది పండ్ల బొమ్మలు, మంచి అలవాట్లు అంటిస్తే కొద్ది రోజులకే వాటిని బల్లులు తప్ప ఎవరూ పట్టించుకోలేదు. తమ సంగతి ఉంటే చూస్తారేమోనని ఈసారి పుట్టినరోజుల రైలు వేశాను. అట్టతో ఇంజను, నెలకొక పెట్టె, పెట్టెకూ పెట్టెకూ మధ్య దారంతో లింకు. బోర్డర్, అంటే బోర్డు చుట్టూ వేసే అంచు, మా ఆవిడ పాత చీర జరీ. పిల్లలు తమ ముఖం గీసుకుని, పుట్టిన నెల పెట్టెలో గుండుపిన్నుతో గుచ్చాలి. పుట్టినరోజు నాడు పచ్చజెండా పట్టుకుని బడిగంట కొట్టే హక్కు వారిదే.

అడ్మిషన్ రిజిస్టర్ తెచ్చాను. బడిలో చేర్చుకునేటప్పుడు వివరాలు రాసే పుస్తకం అది. నేను నెలలు చదువుతుంటే పిల్లలు గుచ్చుతూ పోయారు. జూన్ పెట్టె నిండి, ముఖాల మీద ముఖాలు పడి, కొందరు పైకప్పు ఎక్కారు, కొందరు చక్రాల కిందికి చేరారు. జనవరిలో ఇద్దరో ముగ్గురో. మిగతా రైలంతా ఖాళీ.

వార్డు మెంబరు కొడుకు శివకుమార్ నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. "సార్, గిదేంది? మనూళ్లె జూన్ల తప్ప ఎవ్వలు పుట్టరా?"

"నీ మొఖం నా మొఖం మీద గుచ్చినవ్, తియ్‌రా ముందు" అంది మానస. వెంటనే నావైపు తిరిగింది. "జూన్ మొదట్ల బడే ఉండదు గద సార్. ఇగ జెండ ఎవ్వలికిస్తరు?"

తేదీ తెలియని పిల్లలకు, వయసు సరిపోయేలా జూన్‌లో ఏదో ఒక తేదీ వేయడం చాలా ఊళ్లలో పాత అలవాటు. మాకందరికీ తెలిసిందే. కానీ గోడ మీద రైలుగా చూసేదాకా అది ఇంత వింతగా ఉంటుందని నాకు తోచలేదు. రిజిస్టర్ దిద్దే అధికారం నాకు లేదు. బోర్డు మాత్రం మాది.

"ఇంట్ల అడిగి రాండ్రి. తేదీ వద్దు. మీరు పుట్టినప్పుడు చేన్ల ఏం పని నడుస్తుండెనో, గది అడగండ్రి" అన్నాను.

మరునాడు గది సంతలా మారింది. మానస పత్తి ఏరేటప్పుడు పుట్టింది. శివకుమార్ కందులు కొట్టేటప్పుడు. డానియేలు, వాళ్ల ఇంటి మీద క్రిస్మస్ నక్షత్రం కట్టిన మర్నాడు. కందులు ఏ నెలలో కొడతారని వాదించుకుని, తేలకపోతే మళ్లీ ఇంటికి పరుగు. పెట్టెలు ఒక్కొక్కటే నిండాయి.

జూన్‌లో చివరికి ఒకటే ముఖం మిగిలింది, రూతుది. పసిపాపగా ఉన్నప్పుడే తల్లి పోతే మేనత్త సునందమ్మ పెంచుతోంది. తండ్రికి జన్వాడలో ఒక ఫామ్‌హౌస్ కాపలా పని. "మా అత్త ఎరుకలేదన్నది సార్" అని రూతు తన బొమ్మ పీకి జేబులో పెట్టుకుంది. ఆ తర్వాత బడికి రావడం మానేసింది.

ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. సునందమ్మ వాకిట్లో కూర్చుని పాలకూర కట్టలు కడుతోంది.

"పొద్దుగాల లేస్తే కడుపునొస్తున్నదంటది. మీ రైలు పాడుగాను సార్, నా పానం తింటున్నది."

"జర యాది చేసుకో అమ్మా. వానలుండెనా, ఎండలుండెనా?"

ఆమె తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "మా వదినకు నొప్పులు జాస్తయితే షేర్ ఆటోల చేవెళ్ల దవాఖానకు బయల్దేరినం. దవాఖాన దాక ఏడ పోయినం సార్! నడుమ తొవ్వలనే అయిపాయె. ఆటోల జాగ సుత లేదు, ఎవలియో గునుగుపూల మూటలుండె. వాటి మీదనే పండవెట్టినం. ఆటోల పుట్టిందంటే పోరగాండ్లు నవ్వుతరని దీనికి చెప్పలే."

తలుపు వెనక రూతు గాజుల చప్పుడైంది.

"గీ మాట బడిల చెప్పనియ్యి అమ్మా."

"నవ్వితే?"

"నవ్వితే నాది పూచీ" అన్నాను. ఆ పూచీ ఎట్లా నిలబెట్టుకోవాలో మాత్రం తెలియలేదు.

మరునాడు రూతు వచ్చింది. బోర్డు ముందు నిలబడి, అత్త అన్నది అన్నట్టే చెప్పింది.

"ఆటోల్నా?" అన్నాడు శివకుమార్. "నిజంగ ఆటోల్నా? మేమందరం ఉత్తగ మంచాల మీద పుట్టినం సార్!"

అందరూ నవ్వారు. రూతు కూడా నవ్వింది. అంతలో మానస లేచి అరిచింది: "సార్, గునుగు మూటలు గట్టి అమ్మవోయేది బతుకమ్మకే గద!"

నిజమే. గునుగు చేలగట్ల మీద తనంతట తానే మొలిచే పువ్వు. బతుకమ్మ పేర్చే రోజుల్లో తప్ప దాన్ని ఎవరూ మూటలు కట్టి సంతకు తీసుకుపోరు. అయితే ఆ పండుగ ఒక ఏడు సెప్టెంబర్‌లో మొదలవుతుంది, ఒక ఏడు అక్టోబర్‌లో. రిజిస్టర్‌లో రాసిన సంవత్సరాన్నీ నమ్మలేం. "మా డబ్బలకు రా" అని రెండు పెట్టెల వాళ్లూ రూతును చెరో చెయ్యి పట్టి లాగారు.

రూతు చేతులు విడిపించుకుని, జేబులోంచి నలిగిన బొమ్మ తీసి, రెండు పెట్టెల మధ్య లింకు దారం మీద గుచ్చింది.

"నేను ఈడ కూసుంట. నడుమనే పుట్టిన గద."

దసరా సెలవులు ఇచ్చే రోజు పచ్చజెండా రూతుకే దక్కింది. ఆమె గంట కొడుతుంటే సునందమ్మ గేటు అవతల పాలకూర గంప దించి, అయిపోయేదాకా నిలబడింది.

గోడ మీది బోర్డును ముందు మనమే నింపేస్తే పిల్లలకు అడగడానికి ఏమీ మిగలదని ఆ రైలు నేర్పింది. రిటైరయ్యేదాకా ఏటా ఆ రైలు వేశాను. పెట్టెల మధ్య లింకులు మాత్రం, ఒక ముఖం పట్టేంత పొడవుగా కడుతూ వచ్చాను.