సాక్ష్యానికి కొబ్బరినూనె

హత్య చేసినవాడు ఆనవాళ్లు చెరిపేస్తాడని అందరికీ తెలుసు. కానీ హత్య జరిగి నూరేళ్లు దాటాక, దానితో ఏ సంబంధమూ లేని ఒక ముసలమ్మ, పట్టపగలు, కొబ్బరినూనె రాసి మరీ ఆ పని చేసిందంటే నమ్ముతారా? ఆ మహాతల్లిని నేనే. మూడో తరగతితో బడి మానేశాను. పరాయివాళ్ల వస్తువులు ముట్టుకోకూడదని నాలుగో తరగతిలో చెబుతారేమో, నాకు తెలియదు.

ఇది జరిగి నాలుగేళ్లయింది. అప్పటికి నాకు అరవై ఆరే. చిన్నతనం.

మా కూతురి కూతురు సుజాత నేర పరిశోధన చదువుతుండేది. ఆఖరి ఏడాది ఏదైనా పాత కేసు తవ్వి రాయాలి. దానికి దొరికిన కేసు విక్టోరియా రాణి కాలంనాటిది. మన పాత రేవులో గిడ్డంగి చూసుకునే తెల్లదొరను ఎవరో చేతులు వెనక్కి కట్టి చంపేశారు. ఎవరన్నది తేలలేదు. చేతులు కట్టిన తాడుకున్నది జాలర్ల ముడి అని మాత్రం అప్పటి పోలీసు రాసిపెట్టాడు. ఆ ఒక్క మాట మీద ఒక జాలరిని పట్టుకుపోయి, రుజువు లేక వదిలేశారు. మనిషిని వదిలారు గానీ కాగితాల్లో అనుమానాన్ని వదల్లేదు.

ఆ తాడు ముక్క సుజాత కాలేజీలో భద్రంగా ఉంది. నేను పుట్టింది జాలరిపేటలో. పెళ్లయ్యేదాకా మా నాన్న వలలకు ముడులు వేసిన చేతులివి. అందుకని సుజాత ఒకరోజు వాళ్ల మేడమ్‌నీ, తాడున్న పెట్టెనూ వెంటబెట్టుకుని పెందుర్తిలో మా ఇంటికొచ్చింది.

"అమ్మమ్మా, ఇది మన ముడో కాదో సూసి సెప్పు. సూడ్డమే. ముట్టుకోకు."

"ముట్టుకోడానికి నాకేటి పనే?"

"మాకున్న ఒకే ఒక్క సాక్ష్యం ఈ ముడేనమ్మా," అంది మేడమ్.

తెల్ల కాగితం పరిచి, పెళ్లికూతురిని పీటల మీద కూర్చోబెట్టినంత మర్యాదగా తాడును దాని మీద పెట్టారు. నల్లబడిన జనపనార తాడు. ఇంతలో ఫొటోకు వెలుతురు చాలలేదని, పక్క గదిలో కిటికీ దగ్గర బల్ల సర్దడానికి ఇద్దరూ వెళ్లారు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. మా ఇంట్లో పార్సిల్ తాడును కత్తెరతో కోసినవాళ్లు ఇంతవరకూ పుట్టలేదు. మిఠాయి పెట్టె వచ్చినా సరే, ముందు ముడి విప్పాలి, తాడు ఉండ చుట్టాలి, ఆ తరువాతే మిఠాయి. పిల్లలు ఏడిస్తే ఏడవనీ. ఎదురుగా ముడిపడ్డ తాడు కనబడితే, ఉప్పుచేప వాసనకు పిల్లి లేచినట్టు నా వేళ్లు లేస్తాయి.

లేచాయి.

ముడి కాస్త బిగిసి ఉంది. ఒక్క చుక్క కొబ్బరినూనె వేశాను. రెండో చుక్క వేయలేదు, దుబారా. అర నిమిషంలో ఊడి వచ్చింది. తాడు సాగదీసి, నాలుగు వేళ్లకు చుట్టి, ముచ్చటైన ఉండ చేశాను. కింద కాగితం కూడా దులిపి మడతపెట్టాను. మళ్లీ పనికొస్తుంది కదా.

సుజాత వచ్చింది. ఉండను చూసింది. నన్ను చూసింది.

"అమ్మమ్మా, ముడేదీ?"

"ఇప్పీసినాను. తాడు బాగుందే. బట్టలారెయ్యడానికి పదేళ్లు కాత్తాది."

"ఓలమ్మో! ఏటి సేసినావే!"

వెనకే వచ్చిన మేడమ్ ఉండను ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇదేం వాసన?"

"గానుగ నూనేనమ్మా. కల్తీ నేదు."

ఆవిడ కుర్చీలో కూలబడింది. "ఎన్ని తుఫాన్లు వచ్చినా చెదరలేదు కదమ్మా ఈ ముడి!"

"నా సదువు పోనాది," అని సుజాత ఏడుపు లంకించుకుంది. "కాలేజీకి ఏటి సెప్పాలి? ఇంకేటి రాయాలి?"

సిగ్గు ముంచుకొస్తే నాకు కోపం వస్తుంది. "ఆపెహె! ముడే కదా, మళ్లీ ఏసిత్తాను."

"మీరు వేస్తే మీ ముడి అవుతుందమ్మా, హంతకుడిది కాదు!"

"అరనిముసంలో ఊడొచ్చిన ముడికి ఇంత గోలేటమ్మా? మావోళ్లేసిన ముడయితే కత్తెట్టి కొయ్యాల. నా పళ్లూడినాయి గానీ మా నాన్నేసిన ముడి ఒక్కటీ ఊడనేదు. ఈడెవడో సంతలో మూటలు కట్టుకునీవోడు!"

సుజాత ఏడుపు ఠక్కున ఆగింది. మేడమ్ లేచి నిలబడింది. "ఏమన్నారు? మళ్లీ చెప్పండి."

చెప్పడమేమిటి, చేసి చూపించాను. నా తాడు ఉండల్లోంచి రెండు ముక్కలు తీసి, ఒకదానికి నేను విప్పిన ముడి, ఇంకోదానికి మా నాన్న ముడి వేశాను. మొదటిది పెట్టెలో ఉన్న, ఒక్క వైపు నుంచే తీసిన పాత ఫొటోతో మడతకు మడత సరిపోయింది. మేడమ్ దాన్ని ఇట్టే విప్పేసింది. రెండో దాని దగ్గర ఆవిడ గోరు విరిగింది, సుజాత పళ్లు నొప్పెట్టాయి, అర సీసా నూనె పోయింది. ముడి మాత్రం కదల్లేదు. నూనె పోతున్నంతసేపూ నా ప్రాణం గిలగిలలాడిందనుకోండి.

హంతకుడెవరో ఇప్పటికీ తెలియదు. కానీ అది జాలర్ల ముడి కాదనీ, ఆ జాలరిని అనుమానించడానికి ఆధారమే లేదనీ సుజాత రాసింది. కాలేజీ వాళ్లు పెట్టె మీద 'జాలర్ల ముడి' అన్న చీటీ మార్చారు. సుజాత ప్యాసయింది. ఇప్పుడు మరో పాత కేసు పట్టుకుంది.

ఈ కేసు మీద రాసింది పుస్తకంగా అచ్చయ్యాక తెచ్చి నాకు చూపించింది. కూడబలుక్కుని చదివాను. ఒక పేజీలో 'నిపుణుల అభిప్రాయం' అని, కింద నా పేరు. మురిసిపోయి పేజీ తిప్పాను. 'సాక్ష్యం ధ్వంసం చేసినవారు' అని ఉంది. కింద మళ్లీ నా పేరే.

అందుకే గంగమ్మతల్లి మీద ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ హత్యకు సంబంధించిన ముడినైనా సరే, ముందు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయించనిదే విప్పను.