అబ్బాయిరాజుగారి భీమిలి యాత్ర

మానవజాతి నీటిని ఎన్ని విధాల కొలిచిందో రాసిన చరిత్రకారులు మండవల్లి అబ్బాయిరాజుగారి మోచేతిని విస్మరించడం విచారకరం. ఆయన కొల్లేటి చేపల చెరువుల మనిషి. నీళ్లు కనిపిస్తే చాలు, చొక్కా చెయ్యి మడిచి మోచేతి దాకా ముంచుతారు. అరచెయ్యి కనబడకపోతే నీళ్లలో చేపలకు మేత ఉన్నట్టు. గోళ్లతో సహా కనబడితే చెరువు పస్తులున్నట్టు. ఇది చెరువులవాళ్లందరికీ తెలిసిన పరీక్షే. దాన్ని పుష్కరాల రేవులకూ, పెళ్లివారింటి నీళ్ల డ్రమ్ములకూ విస్తరించిన ఘనత మాత్రం ఆయనొక్కరిదే.

అంతటి మోచెయ్యి రెండు నెలలుగా పొడిగా ఉంది. శ్రావణంలో మబ్బు పట్టి, ఎండ మొహం చూపించక, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి, ఆయన చెరువులోని బొచ్చెలూ శీలావతులూ ఒక తెల్లవారుజామున చచ్చి తెల్లగా తేలిపోయాయి. అప్పట్నుంచి చెరువు ఖాళీ. దాని యజమాని గంగాధరరావుగారు మెత్తటి మనిషి. అయినా వేరేవాళ్లు అడుగుతున్నారని, కౌలు ఉంచుకుంటారో వదులుకుంటారో సోమవారంలోగా చెప్పమని కబురు పెట్టారు. వదిలేస్తానని, తాడేపల్లిగూడెంలో ఏదో ఒక రైసుమిల్లు గేటు దగ్గర కుర్చీ వేసుకు కూర్చుంటానని అబ్బాయిరాజుగారు టీకొట్టు దగ్గర ప్రకటించారు. ఆయనకి చేపలు తప్ప మరో విద్య రాదని ఎరిగినవాళ్లు గనుక, అక్కడున్నవాళ్లు టీ మీదే దృష్టి పెట్టారు.

భార్య వెంకటనరసమ్మ మాత్రం వెంటనే ఒప్పుకుంది. "ఆయ్, అలాగే కూర్చుందురుగాని. ముందు భీమిలి చూసొద్దాం పదండి" అంది. పొద్దు పొడవకముందే చెరువుగట్టుకి పరిగెత్తే మొగుడితో ఆవిడ ఇంతవరకూ సముద్రం చూడలేదు. మళ్లీ చెరువు ఎప్పుడు ఖాళీ అవుతుందో ఎవరికి తెలుసు.

శనివారం ఏలూరులో రైలెక్కి, విశాఖపట్నంలో దిగి, బస్సులో భీమిలి చేరారు. మర్నాడు పొద్దున్న మొదట డచ్చివాళ్ల సమాధులు చూశారు. ఓడలెక్కి అంత దూరం నుంచి వ్యాపారానికి వచ్చి ఇక్కడే మట్టిలో కలిసినవాళ్లవి. అబ్బాయిరాజుగారు ఆ రాళ్లని తడిమి చూసి, సకాలంలో వ్యాపారం మానుకుని ఉంటే వీళ్లూ హాయిగా ఇంటికి పోయేవాళ్లని తనకు అనుకూలమైన తీర్పు చెప్పారు. లైట్‌హౌస్ దగ్గర ఫొటో దిగాక సముద్రంలో మోచెయ్యి ముంచారు. అల వచ్చి భుజం దాకా తడిపి పోయింది గాని ఫలితం చెప్పలేదు.

అక్కడికి కాస్త దూరంలో జాలర్లు పెద్దవల లాగుతున్నారు. ఒడ్డున రెండు వరసల మనుషులు, రెండు తాళ్లు. వల లాగుతుంటే చూస్తూ నిలబడటం కొల్లేటి మర్యాద కాదు. ఆయన చెప్పులు భార్యకిచ్చి, పంచె ఎగ్గట్టి, తాడు పట్టుకున్నారు. టూరిస్టు సరదా పడుతున్నాడని జాలర్లు జాగా ఇచ్చారు. చాలాసేపు లాగాక వల ఒడ్డుకొచ్చింది. అందులో నాలుగు గుప్పెళ్ల కానాగంత చేపలు, బోలెడు నాచు, ఒక పిల్లల చెప్పు ఉన్నాయి.

జాలర్లు ఉన్నవి ఏరుకున్నారు. అబ్బాయిరాజుగారు మాత్రం చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డారు. ఒక ముసలి జాలరి చూసి, "ఏటి బాబూ, ఇంకా ఉన్నారు?" అని అడిగాడు.

"కూరకండీ" అన్నారు ఈయన. తమ చెరువుల్లో చేపల పట్టుబడి రోజున వలమీద చెయ్యి వేసిన ప్రతివాడికీ కూరకో చేప ఇచ్చి పంపడం ధర్మమని వినయంగా వివరించారు. జాలర్లు నవ్వారు. వెంకటనరసమ్మ ఆయన చొక్కా పట్టి లాగి, "మన చెరువులో తేలినవే ఇంతకంటే ఎక్కువ కదండీ" అంది, గొంతు తగ్గించి. నొచ్చుకోవలసిన మాటే. ఆయన వలకేసి చూసి, రెండు నెలల్లో మొదటిసారి, భుజాలు కదిలేలా నవ్వారు.

"మరి ఇంతకే పడితే ఎలాగండీ?" అని ముసలాయన్ని అడిగారు.

"ఎలాగేటి బాబూ. మద్దేనం మళ్లీ వల ఏత్తాం" అన్నాడతను. చెప్పి, ఉన్నవాటిలో ఒక కానాగంత తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. సముద్రం కొల్లేటికి చేప దానం చేసిన ఆ ఘట్టానికి సాక్షులు రెండు కుక్కలు, ఒక ముంతకింద పప్పు బండివాడు.

అబ్బాయిరాజుగారు ఆ చేపతో ఇసుకలో చాలాసేపు కూర్చున్నారు. తర్వాత లేచి, పంచె దులుపుకుని, చెరువులో మళ్లీ చేపపిల్ల వేద్దామని, ఈసారి నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు ఇంకో రెండు పెడదామని భార్యతో చెప్పారు. ఆవిడ "మీ ఇష్టమండీ" అంది. ఇంతటి నిర్ణయం సోమవారం దాకా ఆగకూడదు. ఆయన అక్కడే ఫోన్ తీసి, గొంతు సవరించుకుని, సముద్రం గురించీ, డచ్చివాళ్ల పట్టుదల గురించీ, మనిషి ధైర్యం గురించీ గంగాధరరావుగారికి దీర్ఘంగా చెప్పి, చెరువు తమకే ఉంచమన్నారు.

గంగాధరరావుగారు ఓపిగ్గా విన్నారు. చెరువు ఉంచుకుంటామని వెంకటనరసమ్మ ఆయనకి శుక్రవారమే చెప్పేసింది.